మెకాలే ఎలుగుబంటి వాక్యం: మోదమా, సరదానా?

ప్యూరిటన్ల మీద, అంటే పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లోని కఠిన నిష్ఠాపరులైన ప్రొటెస్టెంట్ల మీద, మెకాలే విసిరిన మాట తెలుగులో ఎక్కడో చదివాను, సగమే గుర్తుంది. ఎలుగుబంటి మీదికి కుక్కల్ని వదిలే ఆటను వాళ్ళు ఎందుకు అసహ్యించుకున్నారో చెప్పే వాక్యం. "ఎలుగుబంటికి బాధ అని కాదు, చూసేవాళ్ళకు..." తర్వాత 'మోదమని' ఉందా, 'సరదా అని' ఉందా? బుర్ర తొలిచేస్తోంది.

— మోదమే. 'బాధ' కూడా అనుమానమే, అక్కడ 'ఖేదం' ఉండుంటుంది. మూలంలో పెయిన్, ప్లెజర్ రెండూ పకారంతో మొదలవుతాయి కదా, ఆ జోడీ తెలుగులో ఖేదమోదాలతోనే పలుకుతుంది. ఆ దకారం చూడండి!

— దకారం సరే మాష్టారూ, కానీ అది ఎలుగును గుంజకు కట్టేసి కుక్కల్ని ఉసిగొల్పే చోటు. అరుస్తూ పందేలు కాసే జనానికి మోదమేంటండీ? పైగా అందరూ వదిలేసే తర్వాతి వాక్యం ఒకటుంది: జనాన్నీ ఎలుగునూ కూడా ఏడిపించి ప్యూరిటన్ 'రెట్టింపు ప్లెజర్' పొందేవాడట. రెండుచోట్లా ఒకే మాట నిలవాలి. సరదా నిలుస్తుంది.

— మోదం మాత్రం ఎందుకు నిలవదు? అంత పెద్ద మాట వాడితేనే ఆ వెక్కిరింతకు పదును.

— అసలు మెకాలే మాటే పూర్తిగా నమ్మొద్దు. 1642లో ప్యూరిటన్లు నాటకశాలలు మూయించారు, 1656లో వాళ్ళ సైన్యాధికారి కల్నల్ ప్రైడ్, లండన్‌లో ఈ ఆట జరిగే బేర్ గార్డెన్‌లోని ఎలుగుల్ని చంపించాడు, నిజమే. కానీ ప్లేఫోర్డ్ అనే ప్రచురణకర్త నృత్యాల పుస్తకం లండన్‌లో అచ్చయింది 1651లో, వాళ్ళ ఏలుబడిలోనే! 1657లో వాళ్ళ నాయకుడు, అప్పటి పాలకుడు క్రామ్వెల్ కూతురి పెళ్ళిలో ఫిడేళ్ళు, డాన్సులు. వాళ్ళకు బాగా మండింది ఆదివారం దగ్గర. ప్రార్థన అయ్యాక ఆడుకోవచ్చని జేమ్స్ రాజు 1618లో ప్రకటించినప్పుడు గొడవంతా దానికే.

— కవి మిల్టన్‌ను ఎలా మర్చిపోయారు సర్? ప్యూరిటన్ల పక్షాన అంతగా రాసిన మనిషి, 1634లో లడ్లో కోటలో ఆడిన 'కోమస్' నాటకం ఆయనదే, నిండా పాటలూ నృత్యాలూ. 'లాలెగ్రో' కవితలో ఉల్లాసాన్నే దేవతగా పిలిచి, తేలికపాటి అడుగులతో ఆడుతూ రమ్మంటాడు. ఇంట్లో ఆర్గాన్ వాయించుకునేవాడు కూడా. ఆ ఉల్లాసాన్ని 'సరదా' అంటే నాకు మనసొప్పదు.

— మిల్టన్ దగ్గర మోదం ఒప్పుకుంటానమ్మా, బేర్ గార్డెన్‌లో ఒప్పుకోను.

— అడిగినాయన్ని ఒకటి అడగాలి. 'చూసేవాళ్ళకు' అన్నది ఖాయంగా గుర్తుందా, 'చూపరులకు' కాదు కదా? 'చూసేవాళ్ళకు' అయితే దాని పక్కన మోదం పొసగదు.

— పొసగకేం, గురజాడ కలపలేదా వాడుకనీ సంస్కృతాన్నీ?