రేసుకు వారం ముందు 30 కిలోమీటర్లు పరుగెత్తాలా, వద్దా?

తూర్పుగాలి
అందరికీ నమస్కారం. ఈ ఆదివారం కాక పై ఆదివారం నా మొదటి ఫుల్ మారథాన్, 42.195 కిలోమీటర్లు. ప్లాన్ ప్రకారం ఈపాటికి 32 కిలోమీటర్ల లాంగ్ రన్ అయిపోవాలి. సరిగ్గా ఆ సమయానికే జ్వరం వచ్చింది. తగ్గాక మళ్లీ మొదలుపెట్టాను కానీ 24 దాటలేదు. మా గ్రూపులో సీనియర్ ఒకాయన ఈ ఆదివారమే 30 పూర్తి చేసెయ్యమంటున్నారు. కాళ్లకు దూరం అలవాటు కాకుండా స్టార్ట్ లైన్ దగ్గర నిలబడకూడదంటారు. మా చెల్లెలేమో ఇక అన్నీ తగ్గించుకుని విశ్రాంతి తీసుకోమంటోంది. నా పేస్ కిలోమీటరుకు 8 నిమిషాలు, కటాఫ్, అంటే రేసు ముగించాల్సిన గడువు, 6 గంటలు. ఏం చేయమంటారు?

వెన్నెలబాట
వద్దండీ. మీ పేస్‌లో 30 అంటే నాలుగు గంటలు రోడ్డు మీద ఉండటం. ఆ దెబ్బ నుంచి కండరాలు కోలుకోవడానికి వారం సరిపోకపోవచ్చు. ఆ పరుగు వల్ల వచ్చే బలం మాత్రం రేసు రోజుకు చేతికి అందదు. అలసట మాత్రమే మిగులుతుంది. ఈ ఆదివారం 12 చాలు. మధ్యలో ఓ రెండు కిలోమీటర్లు రేసు పేస్‌లో పెట్టండి. మిగతా వారం చిన్న చిన్న పరుగులు, నిద్ర.

గుంపులో ఒకడు
12 చాలు. పరీక్ష ముందురోజు రాత్రి పుస్తకం మొత్తం తిరగేస్తే ఏమవుతుందో ఇదీ అంతే.

నిలకడ
నేను ఒప్పుకోను. తూర్పుగాలి గారూ, మీ సీనియర్ చెప్పిందే సరైనది. ఇక్కడ సలహా ఇచ్చేవాళ్లలో ఎంతమంది ఐదున్నర గంటలు రోడ్డు మీద ఉన్నారు? మనలాంటి వాళ్లకు కిలోమీటర్లు కాదు, గంటలు ముఖ్యం. 24 అంటే మీకు మూడు గంటల పై చిల్లర. రేసులో ఇంకా రెండున్నర గంటలు ఉంటుంది. ఆ రెండున్నర గంటల్లో ఏం జరుగుతుందో మీ ఒంటికి ఒక్కసారి కూడా తెలియదు. 27 దగ్గర పాదం ఎక్కడ ఒరుసుకుంటుందో, శక్తి కోసం దారిలో తినే జెల్ కడుపులో ఎలా ఉంటుందో, మనసు ఎప్పుడు చాలు అంటుందో ముందే చూసుకోవాలి. నిదానంగా, నడక కలుపుకుని 30 చేయండి. తర్వాత వారమంతా విశ్రాంతి ఎలాగూ ఉంది.

1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన కోచ్ జెఫ్ గాలోవే పద్ధతి కూడా మొదటిసారి వాళ్లను నడక కలుపుకుని ఫుల్ దూరం దాకా తీసుకెళ్తుంది. ఆయనకు తెలియదా?

వెన్నెలబాట
గాలోవే పద్ధతిలో ఆ పెద్ద దూరం వచ్చేది రేసుకు వారం ముందు కాదు, కొన్ని వారాల ముందు. మధ్యలో కోలుకునే సమయం ఉంటుంది కాబట్టే అది పనిచేస్తుంది. సగం పద్ధతి చెప్పకండి.

లెక్కలమాస్టారు
దీని మీద పరిశోధన ఉంది. 2007లో 27 అధ్యయనాలను కలిపి చూశారు. చివరి రెండు వారాల్లో మొత్తం దూరాన్ని 41 నుంచి 60 శాతం తగ్గించి, వేగాన్నీ వారానికి ఎన్నిసార్లు పరుగెత్తుతామన్నదాన్నీ అలాగే ఉంచితే ఫలితం బాగుందని తేలింది. మీరు వారానికి 50 చేస్తున్నారనుకుందాం. చివరి వారాల్లో అది 20, 30 మధ్యకు రావాలి. ఒక్క ఆదివారమే 30 చేస్తే లెక్క అక్కడే తప్పుతుంది.

నిలకడ
మాస్టారూ, ఆ 27 అధ్యయనాలూ ఎవరి మీద చేశారో కూడా చెప్పండి. పోటీలకు వెళ్లే క్రీడాకారులు. ఈతగాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు కూడా ఉన్నారు అందులో. కండలు అలసిపోయేంత శిక్షణ చేసినవాడికి తగ్గించుకోమని చెప్పడం వేరు. జ్వరంతో పడుకుని లేచిన మనిషికి తగ్గించుకోమంటే ఏం తగ్గిస్తుంది?

లెక్కలమాస్టారు
సరే, మామూలు వాళ్ల మీద చేసిందే చెబుతాను. 2021లో లక్షన్నర మందికి పైగా సాధారణ మారథానర్ల రికార్డులు చూశారు. క్రమశిక్షణగా మూడు వారాలు తగ్గించుకుంటూ వచ్చినవాళ్ల సమయం సుమారు ఐదున్నర నిమిషాలు, అంటే 2.6 శాతం మెరుగ్గా ఉంది. వీళ్లు ఈతగాళ్లు కాదు.

నిలకడ
ఐదున్నర నిమిషాలు! ఆవిడ అడిగింది టైమ్ గురించా? పూర్తి చేయడం గురించి. 38 దగ్గర కూలబడిన మనిషికి మీ 2.6 శాతం ఎందుకు? పైగా అది పూర్తి చేసినవాళ్ల రికార్డు. మధ్యలో ఆగిపోయినవాళ్లు ఆ లెక్కలో ఉన్నారా?

లెక్కలమాస్టారు
ఆగిపోయినవాళ్ల సంగతి వేరే ప్రశ్న. మీరు అడిగింది మామూలు వాళ్ల మీద చేశారా అని. చేశారు.

నిలకడ
వేరే ప్రశ్న కాదు మాస్టారూ. ఆవిడ ప్రశ్నే అది.

సాక్సు ముఖ్యం
ఎన్ని కిలోమీటర్లైనా సరే, రేసు రోజు కొత్త సాక్సు, కొత్త షూ వద్దు. రేసు ముందు పెట్టే ఎక్స్‌పో దుకాణాల్లో ఎంత బాగున్నా సరే. గోళ్లు రెండు మూడు రోజుల ముందే తీసుకోండి.

ఎర్రటి ఎండ
మా కజిన్ రేసు ఉదయం ఒక నొప్పి మాత్ర వేసుకుని వెళ్తాడు. హాయిగా పూర్తి చేస్తాడు. 30 చేసి కాళ్లు పట్టేసినా దానితో గట్టెక్కొచ్చు.

వెన్నెలబాట
దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. పరుగులో కిడ్నీలకు రక్తప్రసరణ ముందే తగ్గి ఉంటుంది. ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర దాన్ని ఇంకా తగ్గిస్తుంది. 2017లో 80 కిలోమీటర్ల పరుగులో పరీక్షించి చూశారు. ఐబుప్రొఫెన్ వేసుకున్నవాళ్లలో 52 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 34 శాతం మందికి కిడ్నీ దెబ్బతిన్న సంకేతాలు కనిపించాయి. మాత్ర వేసుకుంటే తప్ప నిలబడలేని కాలుతో స్టార్ట్ లైన్‌కు వెళ్లకూడదు.

నిలకడ
మాత్రల గురించి మేడమ్‌తో ఏకీభవిస్తాను. కానీ అసలు విషయానికి రండి. అందరూ విశ్రాంతి, విశ్రాంతి అంటున్నారు. దాన్ని నమ్మి వెళ్లినవాడిని నేను. సలహా ఇచ్చినవాళ్లు అప్పటికి మెడల్ వేసుకుని ఇంటికి వెళ్లిపోయారు. నేను వెళ్లేసరికి 33 దగ్గర నీళ్ల బల్ల మడిచేసి వ్యానులో పెడుతున్నారు. రోడ్డంతా నలిగిన కప్పులు. కప్పు అడిగితే అయిపోయాయన్నాడు కుర్రాడు, క్యాన్ ఎత్తి దోసిట్లో పోశాడు. ఆ తర్వాత కిలోమీటరు బోర్డులు కూడా తీసేశారు, ఎంత మిగిలిందో తెలియదు. వెనక, ఆలస్యమైనవాళ్లను ఎక్కించుకునే స్వీప్ బస్సు హారన్. కొద్ది నిమిషాల తేడాతో ఎక్కించేశారు. దానికి ముందు ఒక్కసారైనా 30 దాటి ఉంటే నేను ఆ రోజు అంత భయపడేవాడిని కాదు. నాకు కాళ్లలో బలం కాదు పోయింది, ధైర్యం.

బారెడు పొద్దు
నిలకడ అన్నా, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. ఫీజు అందరి దగ్గరా ఒకటే తీసుకుంటారు కదా.

వెన్నెలబాట
మీకు జరిగింది అన్యాయమే. కానీ నీళ్ల బల్ల ముందే మూసేయడానికీ, వారం ముందు 30 చేయడానికీ సంబంధం లేదు. మీ కోపం నిర్వాహకుల మీద. దాన్ని తీసుకొచ్చి ఈవిడ కాళ్ల మీద పెడుతున్నారు.

నిలకడ
సంబంధం లేదా? మీకు కనపడదు మేడమ్. మూడున్నర గంటల్లో ముగించి ఫొటోలు దిగేవాళ్లకు వెనక ఏం జరుగుతుందో ఎలా కనపడుతుంది?

వెన్నెలబాట
నేను ఫొటోలు దిగడం లేదు. నేను నర్సును. రేసు రోజు పరుగెత్తను, ఫినిష్ దగ్గర మెడికల్ టెంట్‌లో ఉంటాను, చివరి మనిషి వచ్చేదాకా. వెనక ఏం జరుగుతుందో మీకంటే ఎక్కువే చూశాను.

ఒకాయన్ని పట్టుకుని తీసుకొచ్చారు. వేళ్లు ఎంత ఉబ్బాయంటే ఉంగరం చర్మంలోకి దిగిపోయింది. తల పగిలిపోతోందంటున్నాడు, వాంతి చేసుకుంటున్నాడు, అయినా నీళ్లు, నీళ్లు అని అడుగుతున్నాడు. ఆయనకు నీళ్లు తక్కువ కాలేదు. దారిలో ప్రతి బల్ల దగ్గరా ఆగి, దాహం ఉన్నా లేకపోయినా తాగుతూ వచ్చాడు. రక్తంలో సోడియం పడిపోయింది. అలాంటి మనిషికి ఇంకో బాటిల్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరిగినవాళ్లలో, నాలుగు గంటలు దాటినవాళ్లలో అది ఎక్కువ. త్వరగా ముగించేవాళ్లకు అంత తాగే తీరిక ఉండదు. మా టెంట్‌కు సగం సిద్ధమై వచ్చినవాళ్లే ఎక్కువగా వస్తారు.

నిలకడ
ఇప్పుడు బయటికొచ్చింది అసలు మాట. సగం సిద్ధమైనవాళ్లు. అంటే మాలాంటి వాళ్లు. మీరు 12 చేయమంటున్నది ఆవిడ మంచికోసం కాదు, ఆవిడ అసలు రాకూడదని మీ మనసులో ఉంది. సూటిగా చెప్పండి.

వెన్నెలబాట
సూటిగానే చెబుతాను. 24 కిలోమీటర్లే పెద్ద పరుగుగా, జ్వరం నుంచి లేచి 42.195కు వెళ్లడం నాకు ఇష్టం లేదు. హాఫ్ మారథాన్‌కు మార్చుకునే వీలుంటే మార్చుకోమంటాను. లేదంటే తర్వాతి రేసు. నెమ్మదిగా పరుగెత్తేవాళ్లంటే నాకు చులకన లేదు. ఏడు గంటలు పట్టినా సిద్ధమై వచ్చినవాళ్లంటే నాకు గౌరవం. సిద్ధం కాకుండా రావడం ధైర్యమంటే నేను ఒప్పుకోను.

నిలకడ
ఎవరు సిద్ధమో ఎవరు నిర్ణయిస్తారు? ఉద్యోగం, ఇల్లు, జ్వరం, పిల్లలు, ఇవన్నీ దాటుకుని ప్లాన్‌లో ప్రతి గడీ నింపినవాళ్లే సిద్ధమా? అలాగైతే స్టార్ట్ లైన్ దగ్గర సగం మంది మిగలరు. మారథాన్ ఊరి రోడ్ల మీద పెడుతున్నారు. అది ఊరివాళ్లందరిదీ.

వెన్నెలబాట
రోడ్డు అందరిదీ. కిడ్నీలు ఎవరివి వాళ్లవి. ఇంటికి ఫోన్ చేయాల్సింది మీరు కాదు, టెంట్‌లో ఉన్న మేము.

నిర్వాహకుడు
ఇద్దరి మధ్యా వ్యక్తిగతంగా వెళ్లిన కొన్ని మాటలు తీసేశాను. చర్చ తెరిచే ఉంచుతున్నాను. అడిగినవారు ఇంకా ఇక్కడే ఉన్నారని గుర్తుంచుకోండి.

తూర్పుగాలి
ఇక్కడే ఉన్నాను, అన్నీ చదివాను. ఒక్క మాట. నేను వెళ్లాలా వద్దా అని ఎవరినీ అడగలేదు. వెళ్తున్నాను. జ్వరం తగ్గి చాలా రోజులైంది, డాక్టరుకు చూపించుకుని, ఆయన సరేనన్నాకే మళ్లీ మొదలుపెట్టాను. ఆయాసం, గుండెదడ లేవు.

ఈ ఆదివారం 30 చేయను. వెన్నెలబాట గారు చెప్పిన నాలుగు గంటల లెక్క నాకు అర్థమైంది. 12 చేస్తాను. కానీ నిలకడ గారు అన్న భయం కూడా నిజమే. రాత్రి పడుకుంటే 24 తర్వాత ఏముందో అన్నదే ఆలోచన. ఆ భయానికి 12 కిలోమీటర్లు సమాధానం చెప్పవు.

నిలకడ
భయానికి నా దగ్గరున్నది చెబుతాను. మొదటి కిలోమీటరు నుంచే నడక పెట్టుకోండి, అలసిపోయాక కాదు. మీ మామూలు 8 నిమిషాల్లో నడక కూడా కలిసే ఉందా?

తూర్పుగాలి
కలిసే ఉంది. నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక.

నిలకడ
అయితే అదే పట్టుకోండి. స్టార్ట్‌లో జనం తోసుకుపోతుంటే నడవడానికి సిగ్గుపడకండి. 30 చేసి ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ అంటాను.

వెన్నెలబాట
నేను ఇప్పటికీ వద్దనే అంటాను. వెళ్తున్నారు కాబట్టి ఇవి చూసుకోండి. దాహం వేసినప్పుడే తాగండి, బల్ల కనిపించిందని తాగకండి. శుక్ర, శనివారాల్లో పిండి పదార్థం పెంచండి, పీచు తగ్గించండి. బరువు ఒకటి రెండు కిలోలు పెరిగితే కంగారు పడకండి. పిండి పదార్థం కండరాల్లో గ్లైకోజెన్‌గా నిల్వ అవుతుంది, అది తనతో నీటిని పట్టి ఉంచుతుంది. శనివారం రాత్రి నిద్ర పట్టకపోయినా పర్వాలేదు, గురు, శుక్రవారాల్లో బాగా పడుకోండి. బిబ్, అంటే ఛాతీకి పెట్టుకునే నంబర్ కాగితం, దాని వెనక మీ ఇంటి ఫోన్ నంబర్, అలర్జీలు రాయండి. రాయనివాళ్లే ఎక్కువ, మాకు అక్కడే చేతులు కట్టేసినట్టు అవుతుంది. తల తిరిగినా, ఛాతీ పట్టేసినా ఆగిపోండి.

తూర్పుగాలి
రాస్తాను మేడమ్. ఇంకో సందేహం. కటాఫ్ 6 గంటలు గన్ పేలినప్పటి నుంచా, స్టార్ట్ లైన్ దగ్గర సమయం నమోదు చేసే మ్యాట్‌ను నేను దాటినప్పటి నుంచా?

లెక్కలమాస్టారు
రేసును బట్టి మారుతుంది, రూల్స్ చూడండి. గన్ నుంచే అనుకుని లెక్క వేసుకోవడం క్షేమం. వెనక నిలబడి మ్యాట్ దాటడానికి 12 నిమిషాలు పట్టిందనుకోండి, మీకు మిగిలేది 348 నిమిషాలు. అంటే కిలోమీటరుకు 8 నిమిషాల 15 సెకన్లు. మీ పేస్‌లో 42.195కు పట్టేది 5 గంటల 37 నిమిషాలు. చేతిలో పది నిమిషాలే. టాయిలెట్ క్యూ, షూ లేసు అన్నీ అందులోనే. మధ్యలో ఏ కిలోమీటరు దగ్గర ఎన్ని గంటలకు మూస్తారో కూడా కనుక్కోండి, చివరి కటాఫ్ ఒక్కటే ఉండదు.

నిలకడ
మాస్టారూ, ఆ మధ్య కటాఫ్‌ల గురించి నాకు ఎవరూ చెప్పలేదు. తూర్పుగాలి గారూ, నిర్వాహకులకు ఈరోజే మెయిల్ పెట్టండి. నీళ్ల బల్లలు ఎప్పటిదాకా ఉంటాయో కూడా అడగండి.