‘కంటికి కన్ను’ అంటే పగ తీర్చుకోమనా?

ఎక్కడ ఏ ఘోరం జరిగినా "ఎన్‌కౌంటర్ చేసేయాలి, కంటికి కన్ను పంటికి పన్ను" అని రాసేస్తున్నారు. ఈ మాట బైబిల్ పాత నిబంధనలోని నిర్గమకాండం 21వ అధ్యాయంలోది. కానీ ఆ ధర్మశాస్త్రాన్ని పట్టుకుని తరతరాలు తీర్పులు చెప్పిన రబ్బీలు, అంటే యూదు మత గురువులు, కన్ను పీకమని చెప్పలేదండీ, పరిహారం కట్టించమన్నారు. రబ్బీ ఎలియెజెర్ ‘నిజంగా కన్నే’ అన్నట్టు వాళ్ల చర్చల గ్రంథమైన తల్మూద్‌లో ఉంది నిజమే, దానికీ మిగతావాళ్లు వేరే అర్థం చెప్పారు. వాళ్ల వాదనల్లో నాకు బాగా నచ్చింది ఇది: చూపులేనివాడు ఇంకొకడి కన్ను పోగొడితే వాడి దగ్గర ఏ కన్ను తీసుకుంటారు? చట్టం అందరికీ ఒక్కటే అని లేవీయకాండం చెబుతుంటే, కొందరికి అసలు వేయడానికే వీల్లేని శిక్ష చట్టం ఎలా అవుతుంది?

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు చట్టాల సంకలనం మిష్నాలో, బావా కమ్మా అనే భాగంలో లెక్క స్పష్టంగా ఉంది. గాయపరిచినవాడు అవయవ నష్టానికి, నొప్పికి, వైద్యానికి, పని పోయిన రోజులకి, అవమానానికి, ఐదింటికీ విడివిడిగా కట్టాలి. మన దగ్గర యాక్సిడెంట్ క్లెయిమ్ వేసినవాళ్లకి మొదటి నాలుగూ తెలిసినవే, అవమానానికి కూడా ఖరీదు కట్టాలన్న ఆలోచన దగ్గరే నేను ఆగిపోతాను.

"మరి డబ్బున్నవాడు కొట్టేసి కట్టేసి పోతాడు కదా" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. డబ్బు కట్టినంత మాత్రాన తప్పు పోదని, బాధితుణ్ణి క్షమాపణ అడిగేదాకా క్షమ లేదని అదే మిష్నా అంటుంది.

అక్కడే ఇంకో కేసు ఉంది. ఒకడు బజారులో ఒకావిడ తలమీద ముసుగు లాగేశాడు. రబ్బీ అకీవా 400 జూజులు (అప్పటి వెండి నాణేలు) కట్టమన్నాడు, పెళ్లిలో కన్యకి రాసిచ్చే కనీస మొత్తానికి అది రెట్టింపు. వాడు గడువు అడిగి, ఆవిడ గుమ్మం ముందు కాస్త నూనె ఉన్న కుండ పగలగొట్టాడు. ఆవిడ తానే ముసుగు తీసి ఆ నూనె చేత్తో ఎత్తి తలకి రాసుకుంది. వాడు సాక్షుల్ని వెంటబెట్టుకొచ్చి "ఇలాంటిదానికా నేను 400 కట్టేది?" అన్నాడు. అకీవా ఒప్పుకోలేదు. తనని తాను గాయపరుచుకోవడం తగని పనే అయినా దానికి శిక్ష లేదు, అదే పని ఇంకొకరు చేస్తే మాత్రం కట్టి తీరాల్సిందే అన్నాడు. అవమానానికి లెక్క కట్టేటప్పుడు పేదవాళ్లయినా సరే, ఆస్తి పోగొట్టుకున్న స్వతంత్రులుగానే చూడాలన్నది కూడా అకీవా మాటే.