రోజ్ తురాయి మందలో సింగిల్ తురాయి పిల్లలు: ఏరేయాలా, ఉంచుకోవాలా?

చుక్కలపెట్ట: వయాండాట్ కోళ్లకు రోజ్ తురాయి (తల మీద వెడల్పుగా, అణిగి ఉండేది) జాతి లక్షణం. అయినా పుంజూ పెట్టా రెండూ రోజ్‌వే అయిన జతలకు అప్పుడప్పుడు సింగిల్ తురాయి (నిలువుగా, సన్నగా ఉండేది) పిల్లలు దిగుతుంటాయి. వాటినీ, వాటిని కన్న జతనూ తీసేయాలని కొందరంటారు. అలా తీసేస్తూ పోతే పిల్ల కట్టని గుడ్లు ఎక్కువవుతాయని ఇంకొందరు. బయటి పుంజు దూరిందనేవాళ్లు సరేసరి. ఏది నిజం?

ఎర్రపుంజు: తీసేయాల్సిందే. రోజ్ జన్యువును ‘రో’ అని, సింగిల్‌ది ‘సిం’ అని రాస్తాను. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు ప్రతుల్లో రో ఒక్కటున్నా తురాయి రోజే, సిం లోపల దాక్కుంటుంది. ఏటా సింగిల్ పిల్లల్ని మాత్రమే ఏరితే లాభం లేదు. మందలో సిం వాటా 20 శాతం ఉందనుకోండి, సింగిల్ పిల్లలు 4 శాతం. అలా 10 తరాలు ఏరినా సిం ఇంకా 6.7 శాతం ఉంటుంది, సుమారు 225 పిల్లలకు ఒకటి తేలుతుంది. అందుకే పుంజుకే పరీక్ష పెట్టాలి: సింగిల్ పెట్టలతో జత కట్టించండి. ఒక్క సింగిల్ పిల్ల వచ్చినా అది రో-సిం పుంజు. వరసగా 7 పిల్లలూ రోజ్ అయితే, రో-సిం పుంజు అలా తప్పించుకునే అవకాశం 128లో 1 మాత్రమే.

పొదుగుబుట్ట: పరీక్ష సరే, చాలామంది పాడుచేసేది దాని మొదట్లోనే. పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది. 3 వారాలు విడిగా ఉంచాకే కొత్త పుంజును వదలండి. పెంకులోనే చచ్చిన పిల్లల్నీ లెక్కలో వేసుకోండి, చివరి రోజుల్లో చచ్చినవాటికి తురాయి గుర్తుపట్టొచ్చు. పుట్టిన రోజు పిల్లను వెలుతురుకు పట్టి ముక్కు మొదలు చూడండి. సింగిల్ అయితే నిలువుగా సన్నటి గీత, వేలికి అంచు తగులుతుంది. రోజ్ అయితే వెడల్పాటి, అణిగిన పట్టీ.

లెక్కలపంతులు: బయటి పుంజు సంగతి ముందు తేల్చేద్దాం. దూరింది సింగిల్ పుంజే అయినా, పెట్ట రో-రో అయితే పిల్లలన్నీ రోజే. సింగిల్ పిల్ల దిగిందంటే తల్లి కూడా సిం మోస్తున్నట్టే, ఒక్క పుంజు మీదే నింద వేయడం కుదరదు. వాల్‌నట్ తురాయి దిగితే మాత్రం అనుమానించండి. రోజ్, పీ (ఇంకో రకం తురాయి) కలిస్తేనే వాల్‌నట్ (జన్యుశాస్త్రవేత్తలు బేట్సన్, పున్నెట్ తేల్చిన సంగతే ఇది), వయాండాట్‌లో పీ ఉండకూడదు.

ఇక ఎర్రపుంజు గారి పరీక్ష దేన్ని ఎంచి పెడుతుందో చూడండి: రో-రో పుంజుల్ని. చిక్కంతా అక్కడే. రోజ్ అంటే 7వ క్రోమోజోములో 74 లక్షల డీఎన్‌ఏ అక్షరాల ముక్క తలకిందులవడం. దానివల్ల ఎంఎన్‌ఆర్2 జన్యువు పనిచేయకూడని చోట పనిచేసి తురాయి ఆకారం మారుతుంది. ఆ ముక్క రెండో కొస తెగినచోట సీసీడీసీ108 అనే జన్యువు చెడుతుంది, అది వీర్యకణాల ఈతకు కావాల్సింది. 2012లో తేలిన విషయమిది. రెండు ప్రతులూ చెడిన పుంజుకే ఇబ్బంది, పెట్టకు ఏమీ కాదు. అలాంటి పుంజు పక్కనే రో-సిం పుంజు తిరుగుతుంటే పిల్లల్లో ఎక్కువ దానివే. మీరెంత ఏరినా సిం తిరిగొచ్చేది ఇందుకే.

ఎర్రపుంజు: అన్ని రోజ్‌లూ అలా లేవు కదండీ. సీసీడీసీ108 చెడని రెండో రకం రోజ్ కూడా ఉంది, ఆ పుంజులు రో-రో అయినా బాగానే పనిచేస్తాయి.

లెక్కలపంతులు: ఉంది, ఒప్పుకుంటాను. తురాయి చూసి ఏ రకమో చెప్పలేం, అంతే. గుడ్డే చెప్పాలి.

పొదుగుబుట్ట: దానికి పొదగేయక్కర్లేదు. తాజా గుడ్డు పళ్లెంలో కొట్టి పచ్చసొన మీది తెల్లచుక్క చూడండి. చిన్నగా, చిక్కగా, అంచులు చెదిరినట్టుంటే వట్టిది. 4 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుని, గాజుల్లా ఒకదాన్లో ఒకటి వలయాలు కనిపిస్తే పిల్ల కట్టేదే. ఒక్కో పెట్టవి రెండు మూడు గుడ్లు చూడండి. ఒక్క పెట్టవే వట్టివైతే ఆ పెట్టకు పుంజు తొక్కుడు అందడం లేదేమో. అందరివీ వట్టివైతే పుంజును అనుమానించండి, వయసూ ఎండా కూడా లెక్కలో ఉంచుకుని.

లెక్కలపంతులు: నా మాట ఇది: సిం ఉండాలి, పుంజుల వైపు మాత్రమే. రో-రో పెట్టల మీద రో-సిం పుంజును వదిలితే పిల్లలన్నీ రోజ్, గుడ్లూ కడతాయి. రో-సిం పుంజు ఖాయంగా కావాలంటే ఒళ్లూ రంగూ బాగున్న సింగిల్ పుంజును ఒకదాన్ని విడి గూట్లో ఉంచి రో-రో పెట్టలకు కట్టించండి, కొడుకులన్నీ రో-సిం. వాటి అక్కచెల్లెళ్లూ రో-సిమ్మే, కాళ్లకు రింగులేసి అసలు మందలో కలపకండి.

ఎర్రపుంజు: మీ గూట్లో బాగానే ఉంటుంది. రో-రో పెట్టలు, రో-సిం పుంజు గుడ్లు కొన్నవాళ్లు ఆ పిల్లల్నే ఒకదానితో ఒకటి కలిపితే 16లో 1 సింగిల్ దిగుతుంది. తిట్లు అమ్మినవాడికి.

లెక్కలపంతులు: అమ్మేటప్పుడే చీటీ మీద రాసివ్వండి: ‘తండ్రి రో-సిం’.