ట్రాక్‌పైకి అంబులెన్స్ వచ్చినప్పుడు తప్పు రైడర్‌దా, సెషన్ ఆపని నిర్వాహకులదా?

కోట జంక్షన్ (విజయనగరం):

గత నెలలో దక్షిణాదిలోని ఒక రేస్ ట్రాక్‌లో జరిగిన ట్రాక్ డేకు, అంటే పోటీ లేకుండా ఎవరి బైకు వారు విడతలుగా (సెషన్లుగా) నడుపుకునే రోజుకు, మా ఊరి నుంచి ముగ్గురం వెళ్లాము. మూడో సెషన్‌లో ఒక రైడర్ మలుపులో జారి పడిపోగా మార్షళ్లు (ట్రాక్ పక్కన జెండాలు చూపే సిబ్బంది) ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించమని పసుపు జెండాలు ఊపారు. మరుసటి రౌండులో నేను అదే మలుపు దగ్గరికి వచ్చేసరికి, సెషన్ ఇంకా నడుస్తుండగానే, అంబులెన్స్ పక్క దారి నుంచి ట్రాక్‌పైకి ఎక్కింది. మన మయూరి జంక్షన్‌లో 108 కనిపిస్తే ఏం చేస్తామో అక్కడా అదే చేశాను, అంటే వెంటనే బ్రేకు పట్టి, ఎడమ అంచుకు జరిగి, దాదాపు ఆగిపోయాను. నా వెనుక వస్తున్న రైడర్ వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. నిర్వాహకులు అందరి ముందూ నన్నే మందలించి, ఆ తరువాతి రెండు సెషన్లకు రానివ్వలేదు.

అంబులెన్స్ చక్రం ట్రాక్‌కు తగలక ముందే ఎర్ర జెండా చూపి సెషన్ ఆపవలసిన బాధ్యత వారిది కాదా? ఉదయం రైడర్ల సమావేశంలో జెండాలన్నీ వివరించారు గానీ, అంబులెన్స్ లోపలికి వస్తే మేము ఏం చేయాలో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పని నియమాన్ని తప్పానని నన్ను పక్కన కూర్చోబెట్టడం న్యాయమేనా అని ఇక్కడి పెద్దలను అడుగుతున్నాను.

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

కొంతకాలం మార్షల్‌గా జెండా పట్టుకుని నిలబడినవాడిని కనుక నిర్మొహమాటంగా చెబుతున్నాను, మన్నించండి. మీరు చేసినది ఆ పరిస్థితిలో చేయదగిన పనులన్నిటిలోకీ ప్రమాదకరమైనది. రోడ్డు మీద అంబులెన్స్ మన వెనుక నుంచి మనకన్నా వేగంగా వస్తుంది, దానికి దారి కావాలి, అందుకే పక్కకు తప్పుకుంటాము. ట్రాక్ మీద అది మన ముందు, మనకన్నా ఎంతో నెమ్మదిగా ఉంటుంది. దానికి మీరు ఇవ్వవలసిన దారి ఏమీ లేదు. ముప్పు ఉన్నదల్లా మీ వెనుక వచ్చే బండ్లతోనే, అవేమో మీకు కనబడవు, ఎందుకంటే ట్రాక్ డేలో అద్దాలు విప్పేస్తారు లేదా టేపు అంటించేస్తారు. చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు, హెల్మెట్‌లో గాలి హోరు ఉండగా సైరన్ వినబడుతుందని ఆశించడం కూడా వృథా. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 41 మీటర్లకు పైగా దూసుకుపోతుంది. ముందున్నవాడు ఉన్నట్టుండి ఆగితే, వెనుకవాడికి అది అర్థమయ్యేలోపే ఆ దూరం కరిగిపోతుంది.

పసుపు జెండా కనబడగానే థ్రాటిల్ మెల్లగా వదలాలి, ఎడమ చేయి పైకెత్తాలి, మీరున్న లైన్‌లోనే సాగాలి, ఎవరినీ దాటకూడదు. ఇంకొక్క మాట. అంబులెన్స్ వైపు చూడకండి, మీరు వెళ్లవలసిన తోవ వైపు చూడండి. చూపు ఎటు పోతే బండి అటే పోతుందన్న సంగతి మలుపుల్లో బండి నడిపిన ప్రతివాడికీ తెలుసు, అయినా పడిపోయినవాడిని చూస్తూ చూస్తూ అతని దగ్గరికే పోయి పడినవారిని నేను చూశాను.

పొందూరు ఖద్దరు (శ్రీకాకుళం జిల్లా):

ఆమదాలవలసలో రైలెక్కి, బండిని ముందుగానే లారీలో పంపి, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై చేరుకుంటే దొరికేవి ఇరవై నిమిషాల సెషన్లు నాలుగో అయిదో. కొత్తవాళ్లు ఎక్కువగా వచ్చే రోజున ప్రతి సెషన్‌లోనూ ఎవరో ఒకరు జారి పడుతూనే ఉంటారు, వారిలో చాలామంది దులుపుకుని లేచి నడిచిపోతారు. పడిన ప్రతిసారీ ఎర్ర జెండా చూపమంటే మేమంతా పిట్‌లో (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోట) కూర్చుని కాఫీ తాగి తిరిగి రావలసిందే. సర్కస్‌కు టికెట్టు కొని గుడారం చూసి వచ్చినట్టు ఉంటుంది.

కోట జంక్షన్:

ఖద్దరు గారూ, ప్రతి పడిపోవడానికీ ఆపమని నేను అనలేదు. అంబులెన్స్ లోపలికి రావలసినంత పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఆపమంటున్నాను. నాగావళి గారు చెప్పిన అద్దాల సంగతి నాకు నిజంగా తట్టలేదు, దానికి కృతజ్ఞతలు. అయినా పసుపు జెండా ఒక్కటే చాలదనడానికి ఒక ఉదాహరణ ఉంది. 2014 అక్టోబరు 5న సుజుకాలో వర్షంలో జరిగిన ఫార్ములా వన్ పోటీలో, రెండేసి పసుపు జెండాలు ఊపుతుండగానే, జూల్స్ బియాంకీ కారు అదుపు తప్పి, మరొక కారును తొలగించడానికి వచ్చిన ట్రాక్టరును ఢీకొంది. ఆయన తొమ్మిది నెలలు మృత్యువుతో పోరాడి 2015 జూలై 17న కన్నుమూశాడు. అందరి వేగాన్నీ ఒక్కసారిగా తగ్గించే వర్చువల్ సేఫ్టీ కారు విధానం ఆ ఏడాదే ప్రవేశించింది. అంతటి ఆరితేరినవారే పసుపు జెండా కింద అదుపు తప్పితే, నెలకో రెండు నెలలకో ఒకసారి ట్రాక్ ఎక్కే మనలాంటివారి మాటేమిటి?

టెక్కలి పైలట్:

ఈ చర్చలో అంబులెన్స్ నడిపేవాడి మాట ఎవరూ అడగలేదు కనుక నేనే చెబుతాను. 108లో బండి నడిపేవారిని పైలట్ అంటారు, వెనుక రోగిని చూసుకునేవారిని ఈఎంటీ అంటారు. నేను పదహారో నంబరు జాతీయ రహదారిపై పైలట్‌గా పని చేస్తున్నాను. ట్రాక్ ముఖం నేనెన్నడూ చూడలేదు, కానీ దారి ఇవ్వని మొండివాడికన్నా, కంగారుపడి మా ముందే బ్రేకు తొక్కి ఆగిపోయే మంచివాడితోనే మాకు ఎక్కువ భయమని చెప్పగలను. దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం 194ఈ సెక్షన్ కింద పదివేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చని అందరికీ తెలుసు. ఎలా దారి ఇవ్వాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆ విషయంలో కోట జంక్షన్ గారిని నేను పెద్దగా తప్పుపట్టను.

అసలు కష్టం బండి ఆగిన తరువాత మొదలవుతుంది. మెడకు కాలర్ వేసి, పలక మీదికి ఎత్తి, స్ట్రెచర్‌పైకి చేర్చే ఆ కొద్ది నిమిషాలూ మా ఈఎంటీ నేల మీద మోకరిల్లి ఉంటాడు, రోడ్డు వైపు అతని వీపు ఉంటుంది. హైవే మీద ఆ సమయంలో నేను బండిని అడ్డంగా పెట్టి, లైట్లు వేసి, వచ్చే లారీలకు టార్చి ఊపుతూ నిలబడతాను. మీ ట్రాక్ మీద తన వీపు వెనుక బైకులు తిరుగుతూనే ఉంటాయని, జెండా ఊపుతున్నారు గనుక భయం లేదని చెబితే మా ఈఎంటీ బండి దిగడు, దిగమని నేనూ చెప్పను. బండి కదులుతున్నంతసేపు మీ పసుపు జెండా సరిపోతుందేమో గానీ, మనిషి నేల మీద కాలు పెడితే అన్నీ ఆగాలి.

నాగావళి గట్టు:

పైలట్ గారి మాటతో నా వాదన కొంత సవరించుకుంటున్నాను. గాయపడినవాడు ట్రాక్ అంచుకు దూరంగా, కంకర దాటి, గోడ వెనుకకు చేరి ఉంటే పసుపు జెండా చాలు. చికిత్స ట్రాక్ మీదగానీ, బండ్లు జారి వచ్చే దిక్కునగానీ జరుగుతుంటే ఎర్ర జెండాయే సరైనది. అందరూ పిట్‌కు చేరేదాకా అంబులెన్స్ ఆగవలసి వస్తుందన్న భయమూ అక్కరలేదు, ఎర్ర జెండా పడగానే అందరూ నెమ్మదిస్తారు కనుక అది వెంటనే బయలుదేరవచ్చు.

అయితే ఎర్ర జెండా రైడర్ బాధ్యతను తుడిచిపెట్టదు. బియాంకీ ప్రమాదం జరిగిన సుజుకాలోనే 2022లో, మళ్లీ వర్షంలో, ఫార్ములా వన్ డ్రైవర్ పియర్ గాస్లీ ట్రాక్ మీద ఉన్న క్రేన్ వాహనం పక్క నుంచి వెళ్లవలసి వచ్చింది. దాన్ని అక్కడికి ఎలా పంపారని ఆయన మండిపడ్డాడు, ఆ కోపం సబబైనదే. కానీ అదే పోటీలో ఎర్ర జెండా కింద మితిమీరిన వేగంతో వెళ్లినందుకు ఆయనకూ జరిమానా సమయం పడింది. మీ విషయంలోనూ నిర్వాహకులు ఎర్ర జెండా చూపకపోవడం ఒక తప్పు, మీరు ఆగిపోవడం మరొకటి.

టీవీలో మోటోజీపీ (బైకుల ప్రపంచ పోటీ) చూసి జెండాలు నేర్చుకున్నవారికి ఇంకొక చిక్కు ఉంది. అమెరికాలోని అనేక క్లబ్బుల్లో తెల్ల జెండాపై నిలువు ఎర్ర శిలువ కనబడితే అంబులెన్స్ లోపల ఉందని అర్థం. మోటోజీపీలో తెల్ల జెండాపై ఎర్ర గీతలు ఇంటూ గుర్తులా ఉంటాయి, దాని అర్థం చినుకులు పడుతున్నాయని. ఒట్టి తెల్ల జెండా కార్ల పోటీల్లో నెమ్మదైన వాహనం ముందుందని చెబితే, మోటోజీపీలో బండి మార్చుకోవచ్చని చెబుతుంది. కనుక మీ సమావేశంలో ఆ ముక్క చెప్పకపోవడం చిన్న లోపమేమీ కాదు, అక్కడ నేను మీ పక్షమే.

పొందూరు ఖద్దరు:

మనిషి నేల మీద ఉంటే ఆపాలన్న పైలట్ గారి మాటకు నేనూ ఎదురు చెప్పలేను. కాఫీ సంగతి వెనక్కి తీసుకుంటున్నాను. ఆగిన సమయాన్ని సాయంత్రం కలిపి ఇవ్వమని మాత్రం అడుగుతాను.

కోట జంక్షన్:

ఆగిపోవడం నా తప్పేనని ఒప్పుకుంటున్నాను, నా వెనుక వచ్చిన రైడర్‌కు రాత్రే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. వచ్చే నెల కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే ట్రాక్‌కు వెళ్తున్నాము. అక్కడి సమావేశంలో చేయి ఎత్తి, అంబులెన్స్ లోపలికి వస్తే ఏ జెండా చూపుతారు, అది ఏ దారి నుంచి ట్రాక్‌పైకి ఎక్కుతుంది అని రెండు ప్రశ్నలు అడగదలచుకున్నాను.

నాగావళి గట్టు:

మూడోది కూడా కలపండి: ఎర్ర జెండా పడ్డాక పిట్‌కు వస్తూ అంబులెన్స్‌ను అందుకుంటే దాని వెనుకే ఉండాలా, లేక మార్షల్ చేయి ఊపితే దాటవచ్చా? ఒక్కో నిర్వాహకుడు ఒక్కో రకంగా చెబుతాడు. వారు ఏదీ తేల్చి చెప్పకపోతే దాని వెనుకే ఉండండి.