అప్‌డేట్: ఖాళీగా ఉన్న ప్రీమియం సీటు సంగతి

శంషాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లేటప్పుడు ముందు వరసల్లో ప్రీమియం సీట్లు ఖాళీగా ఉంటే, మోకాళ్ల నొప్పులున్న నాన్నను అక్కడ కూర్చోబెట్టొచ్చా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. చెప్పకుండా మారొద్దని ఎక్కువమంది అన్నారు. సరే, తలుపులు మూశాక సిబ్బందినే అడిగాను. కుదరదన్నారు, మర్యాదగానే. ఆ సీట్లకు ఎక్కువ డబ్బు కట్టినవాళ్ల మాట అటుంచితే, ఎవరెక్కడ కూర్చున్నారో దాన్ని బట్టే విమానం బరువు బ్యాలెన్స్ లెక్కేస్తారట. టేకాఫ్‌కు ముందు ఇష్టమొచ్చినట్టు మారకూడదు. ఎమర్జెన్సీ తలుపు పక్కన కాళ్లు చాపుకోవచ్చు గానీ, అవసరమైతే ఆ తలుపు తీయగలిగినవాళ్లకే ఆ సీటు. నాన్నకు ఎలాగూ ఇవ్వరు. గాల్లోకి లేచాక ఎకానమీలోనే ఖాళీగా ఉన్న నడవా సీటు వాళ్లే చూపించారు. నాన్న హాయిగా నిద్రపోయారు.

ఖాళీ సీటులో కూర్చుంటే ఎవరికీ నష్టం లేదని కొందరు చేసిన వాదన మాత్రం నాకు మింగుడుపడలేదు. పక్కనే పూర్తి డబ్బు కట్టినాయన ఊరుకుంటాడా? తిరుగు ప్రయాణానికి చెకిన్‌లోనే అప్‌గ్రేడ్ ధర అడుగుతాను.