యూజర్‌ఫామ్‌లో చూసుకోవడానికే పెట్టిన టెక్స్ట్ వెలిసిపోకుండా చూపించడం ఎలా?

కాటా గుమాస్తా:

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ వైపు రైస్ మిల్లు. ధాన్యం లెక్కలకు ఎక్సెల్‌లో ఒక యూజర్‌ఫామ్ (డబ్బాలు, బటన్లు పెట్టి మనమే తయారుచేసుకునే కిటికీ) చేసుకున్నాను. కాటా చీటీ నంబరు కొడితే రైతు పేరు, ఊరు, నికర బరువు, తేమ శాతం, మొత్తం సొమ్ము టెక్స్ట్‌బాక్సుల్లోకి వస్తాయి. ఇవన్నీ చూసుకోవడానికే, ఎవరూ మార్చేవి కావు. మొన్న మా కుర్రాడు బస్తాల సంఖ్య కొట్టబోయి పక్క డబ్బాలో వేలు పెట్టాడు. 62.4 క్వింటాళ్లు కాస్తా 562.4 అయి కూర్చుంది. అది చాలదన్నట్టు షీట్‌లో ఆ గడిలోని ఫార్ములా కూడా మాయం.

దాంతో అన్నింటికీ ఎనేబుల్డ్ అనే ప్రాపర్టీని (డబ్బాను వాడనిచ్చే సెట్టింగును) ఫాల్స్ చేశాను. ఇప్పుడెవరూ ముట్టుకోలేరు గానీ అక్షరాలు బూడిద పూసినట్టున్నాయి. ఫోర్‌కలర్ (అక్షరాల రంగు) నలుపు పెట్టినా మారట్లేదు. మా సేటు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూస్తున్నారు. దారి చెప్పండి.

పాత మ్యాక్రో:

ఎనేబుల్డ్ ఫాల్స్ అయితే ఆ బూడిద రంగు ఎక్సెల్ తనే వేస్తుంది, మీ ఫోర్‌కలర్‌ను లెక్కచేయదు. దాన్ని మళ్లీ ట్రూ చేసేసి, లాక్డ్ అనే ప్రాపర్టీని ట్రూ చేయండి. అక్షరాలు నల్లగానే ఉంటాయి, కీబోర్డు నుంచి ఒక్క అంకె కూడా లోపలికి పోదు. కోడ్ మాత్రం ఎప్పటిలాగే విలువ మార్చగలదు. కావాలంటే టెక్స్ట్ సెలెక్ట్ చేసి కాపీ కూడా చేసుకోవచ్చు.

ఫార్ములా పోయిందన్నారే, కంట్రోల్‌సోర్స్‌లో (డబ్బాను షీట్‌లోని గడికి కలిపే ప్రాపర్టీ) ఆ గడి అడ్రసు ఇచ్చి ఉంటారు. అది రెండువైపులా నడిచే దారి: డబ్బాలో మారిస్తే గడిలోకి విలువ వెళ్లి ఫార్ములా మీద కూర్చుంటుంది. కంట్రోల్‌సోర్స్ ఖాళీ చేసి, చీటీ నంబరు కొట్టినప్పుడు కోడ్‌తోనే డబ్బాలు నింపండి. లాక్ కన్నా ముందు చేయాల్సింది ఇదే.

కాటా గుమాస్తా:

అన్నా, లాక్ పని చేసింది. కంట్రోల్‌సోర్స్ కూడా తీసేశాను. కానీ డబ్బా తెల్లగా ఉంది కదా, మావాడు ఇంకా దాంట్లో నొక్కి ‘కీబోర్డు పాడైంది’ అంటున్నాడు.

పాత మ్యాక్రో:

వాడిని ఏమనకండి, తప్పు డబ్బాదే. తెల్లటి గుంతలాంటి డబ్బా కనిపిస్తే ఎవరైనా టైపు చేయాలనే అనుకుంటారు. ఆ రూపం తీసేయాలి. బ్యాక్‌కలర్‌లో (డబ్బా వెనక రంగు) సిస్టమ్ ట్యాబ్‌కు వెళ్లి బటన్ ఫేస్ ఎంచుకోండి, ఫామ్ రంగులో కలిసిపోతుంది. గుంతలా కనిపించకుండా స్పెషల్‌ఎఫెక్ట్‌ను ఫ్లాట్, ట్యాబ్ కీ అక్కడ ఆగకుండా ట్యాబ్‌స్టాప్‌ను ఫాల్స్ చేయండి. ట్యాబ్ కొడితే నేరుగా బస్తాల డబ్బాకే వెళ్తుంది. మౌస్‌తో నొక్కితే మాత్రం కర్సర్ వస్తుంది. అదీ వద్దంటే ఆ డబ్బాలన్నీ ఒక ఫ్రేమ్‌లో పెట్టి, ఫ్రేమ్‌ను ఎనేబుల్డ్ ఫాల్స్ చేయండి. లోపలి అక్షరాలు నల్లగానే ఉంటాయి, నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు.

షీట్ల మాస్టారు:

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. పేరు, ఊరు, బరువు లాంటి ఒక్క లైను వాటికి టెక్స్ట్‌బాక్సే ఎందుకండీ? లేబుల్ పెట్టి దాని క్యాప్షన్‌లోకి (పైన కనిపించే మాట) విలువ పంపితే ఈ లాకులూ ఫ్రేములూ ఏవీ అక్కర్లేదు. లేబుల్‌కు కర్సరే రాదు. రిమార్కుల్లాంటి పొడుగు విషయానికి మాత్రం టెక్స్ట్‌బాక్స్ ఉంచండి, ఎందుకంటే లేబుల్‌కు స్క్రోల్ లేదు, మిగిలింది కోసుకుపోతుంది. అక్కడ మల్టీలైన్ ట్రూ, స్క్రోల్‌బార్స్ వర్టికల్. ఆ స్క్రోల్ పట్టీ డబ్బాలో కర్సర్ ఉన్నప్పుడే కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఫ్రేమ్‌లో బంధించకండి. నింపాక సెల్‌స్టార్ట్‌ను (SelStart, కర్సర్ ఉండే చోటు) 0 చేస్తే మొదటి లైను నుంచి కనిపిస్తుంది.

కాటా గుమాస్తా:

లేబుళ్లు పెట్టేశాను సార్, చాలా శుభ్రంగా ఉంది. ఇంకో రెండు చిక్కులు. క్వింటాలు 2,389 చొప్పున సొమ్ము షీట్‌లో 1,49,073.60 అని ఉంటే ఫామ్‌లో 149073.6 అని వస్తోంది. ‘మొత్తం’ అని తెలుగులో రాద్దామంటే ప్రశ్న గుర్తులు పడుతున్నాయి.

షీట్ల మాస్టారు:

గడి వాల్యూ తీసుకుంటే ఉత్త అంకె వస్తుంది, కామాలు షీట్‌లోనే ఉండిపోతాయి. గడి టెక్స్ట్ ప్రాపర్టీ తీసుకుంటే కంటికి కనిపించేదే వస్తుంది, కానీ కాలమ్ ఇరుకైతే ఆ #### కూడా అలాగే వస్తుంది. నేనైతే వర్క్‌షీట్‌ఫంక్షన్ కింద ఉండే టెక్స్ట్ ఫంక్షన్‌కు ఈ ఫార్మాట్ ఇస్తాను, లక్షలు కోట్లు మన పద్ధతిలోనే పడతాయి:

[>=10000000]##\,##\,##\,##0.00;[>=100000]##\,##\,##0.00;##,##0.00

వీబీఏలో (ఎక్సెల్‌లో మ్యాక్రోలు రాసే భాష) ఉన్న ఫార్మాట్ ఫంక్షన్‌కు ఈ బ్రాకెట్ల షరతులు తెలియవు, అందులో పెట్టకండి.

ఇక తెలుగు. కోడ్ రాసే ఎడిటర్ యూనికోడ్‌ది (అన్ని భాషల లిపులూ పట్టే పద్ధతి) కాదు, ప్రాపర్టీల కిటికీలో తెలుగు కొడితే ప్రశ్న గుర్తులే. మాటలన్నీ ఒక షీట్‌లో రాసుకుని దాన్ని దాచేయండి, ఫామ్ తెరుచుకునేటప్పుడు అక్కడి నుంచి క్యాప్షన్‌లోకి తెచ్చుకోండి. లేబుల్ యూనికోడ్ చక్కగా చూపిస్తుంది. ఫాంటు నిర్మలా యూఐ గానీ గౌతమి గానీ పెట్టండి. మెసేజ్‌బాక్స్‌లో మాత్రం తెలుగు ఆశించకండి, అక్కడా ప్రశ్న గుర్తులే.

కాటా గుమాస్తా:

తెలుగు వచ్చేసింది! సేటు కళ్లజోడు నుదుటి మీదికి తోసి చదివారు. కాకపోతే ‘మొత్తం’లో తవత్తు సగానికి తెగింది.

షీట్ల మాస్టారు:

ఇంగ్లిషు అక్షరాలకు సరిపడా పెట్టిన ఎత్తు మన వత్తులకు చాలదు. లేబుల్ హైట్ ఇంకో ఐదారు పాయింట్లు పెంచండి.