"మన్ తమంతఖ తజందఖ": ఈ సామెతను తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న అడిగినవారు:
ఒక ఉర్దూ వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. మధ్యలో ఈ అరబీ సామెత తగిలింది. "తర్కం నేర్చినవాడు నాస్తికుడవుతాడు" అని రాశాను గానీ చప్పగా ఉంది. అసలు గ్రీకు తర్కం మీద ముస్లిం పండితులకు అంత కోపం ఎందుకు? అది తెలిస్తే మాట కుదురుతుందేమోనని అడుగుతున్నాను.

పద్యాల మాస్టారు:
"తర్కం తలకెక్కితే తోవ తప్పుతుంది" అంటే సరిపోదా? తకారాలు వరసగా పడ్డాయి, నోటికి బాగానే వస్తోంది.

హైదరాబాద్ నుంచి ఒకరు:
నడక బాగుంది మాస్టారూ. కానీ జిందీఖ్ జారిపోయాడు. 'మంతిఖ్' అంటే తర్కం, దాన్ని క్రియ చేస్తే 'తమంతఖ'. 'జిందీఖ్'ని అదే అచ్చులో పోస్తే 'తజందఖ'. జిందీఖ్ పాత పారసీ నుంచి అరబీలోకి వచ్చిన మాట. మొదట, పారసీక ప్రవక్త మానీ స్థాపించిన మతంవాళ్లను అలా అనేవారు. బాగ్దాద్ నుంచి ఏలిన అబ్బాసీ ఖలీఫాల కాలానికి, పైకి ముస్లింగా ఉంటూ లోపల వేరే నమ్మకం దాచుకున్నవాడికి ఆ పేరు పడింది. నాస్తికుడైతే దాచుకోడు, కాబట్టి ఆ మాట ఇక్కడ అతకదు.

ఇక కోపం సంగతి. అందరికీ కోపం లేదండీ. 9వ శతాబ్దంలో తత్త్వవేత్త అల్ కిందీ, సత్యం ఎంత దూరపు జాతి నుంచి వచ్చినా పుచ్చుకోడానికి సిగ్గుపడకూడదని రాశాడు. ఆ తర్వాతి తత్త్వవేత్త ఫారాబీకి 'రెండో గురువు' అని పేరు, మొదటి గురువు అరిస్టాటిల్ అన్నమాట. మరోపక్క 13వ శతాబ్దపు హదీసు (ప్రవక్త మాటల) పండితుడు ఇబ్న్ అస్సలాహ్ ఫత్వా ఇచ్చాడు: తర్కం తత్త్వశాస్త్రానికి గుమ్మం, చెడుకి గుమ్మం కూడా చెడే. మీ సామెతది ఈ రెండో ధోరణి.

ఈ తగవులో మన అనువాదాల గుంపుకి పనికొచ్చే ఘట్టం ఒకటుంది. క్రీ.శ. 930లలో బాగ్దాద్‌లో వజీరు ఇబ్న్ అల్ ఫురాత్ ఎదుట వాదం జరిగింది. ఒకవైపు మత్తా ఇబ్న్ యూనుస్, క్రైస్తవుడు, అరిస్టాటిల్ తర్కాన్ని అరబీలోకి తెచ్చినవాడు. రెండోవైపు వ్యాకరణ పండితుడు అబూ సయీద్ అస్సీరాఫీ. తర్కం తక్కెడ లాంటిది, మంచి మాటనీ చెడ్డ మాటనీ తేలుస్తుంది అన్నాడు మత్తా. సీరాఫీ ఊరుకోలేదు. తక్కెడ బరువు చెబుతుంది సరే, పళ్లెంలో ఉన్నది ఇనుమో బంగారమో ఇత్తడో ఎవరు చెబుతారు? ఒక గ్రీకువాడు తన భాష పద్ధతిలో కట్టుకున్నదాన్ని తురుష్కులూ హిందువులూ పారసీకులూ అరబ్బులూ ఎందుకు పట్టించుకోవాలి? అన్ని జాతులకూ నాలుగూ నాలుగూ ఎనిమిదే కదా అని మత్తా. అన్ని సంగతులూ అంత తేటగా ఉంటే గొడవే లేదు, అసలు నీకు గ్రీకు రాదు, గ్రీకు నుంచి సిరియాకు భాషలోకీ దాన్నుంచి అరబీలోకీ దిగిన సరుకు నీది అని సీరాఫీ.

ఆ తర్వాత కొట్టిన దెబ్బ చూడండి. "జైద్ సోదరుల్లో ఉత్తముడు", "జైద్ తన సోదరుల్లో ఉత్తముడు": ఈ రెండూ ఒప్పేనా అని అడిగాడు. ఒప్పే అన్నాడు మత్తా. రెండోది తప్పు! జైద్ సోదరులెవరు అని అడిగితే ఆ లెక్కలో జైద్ రాడు, గాడిదను కంచరగాడిదల్లో మేటి అంటామా?

పద్యాల మాస్టారు:
ఇది తెలుగులో పెట్టి చూశాను. "రాముడు తన అన్నదమ్ముల్లో పెద్దవాడు" అంటే ఎవరికీ ఎబ్బెట్టు కాదు, మన 'అన్నదమ్ములు'లో తనూ ఉంటాడు. "రాముడు తన తమ్ముళ్లలో పెద్దవాడు" అనండి, వెంటనే చెవికి తగులుతుంది. 'లో' తీసి 'కంటే' పెట్టాలి. అంటే సీరాఫీ మాటే గెలిచింది, ఏ భాష లెక్క ఆ భాషదే.

హైదరాబాద్ నుంచి ఒకరు:
నేను అక్కడే విడిపోతాను మాస్టారూ. 'తమ్ముళ్లలో' ఎందుకు తగులుతుంది? ఎవడూ తనకు తాను తమ్ముడు కాడు కాబట్టి. ఏది ఏ గుంపులో చేరుతుంది, ఏది చేరదు అన్న ఆ ఆరా మంతిఖ్ పనే. సీరాఫీ తర్కాన్ని తర్కంతోనే కొట్టాడు. పైగా ఈ వాదాన్ని మనకు అందించిన తౌహీదీ సీరాఫీ శిష్యుడు. మత్తా మరీ అంత నోరెళ్లబెట్టాడా అన్నది నాకు అనుమానమే.

మత పండితుడు గజాలీ దగ్గరికి వస్తే ఇంకా తమాషా. 1095లో తత్త్వవేత్తల మీద పుస్తకం రాసి 20 విషయాల్లో ఉతికి ఆరేశాడు. వాటిలో మూడింటికి ఏకంగా కుఫ్ర్ (అవిశ్వాసం) ముద్ర వేశాడు: లోకం అనాది అనడం, దేవుడికి విడివిడి సంగతులు తెలియవనడం, దేహంతో తిరిగి లేవడం ఉండదనడం. తర్కం జోలికి మాత్రం పోలేదు. పైగా ఖురాన్‌లోని 'సరైన త్రాసు' అన్న మాటనే పేరుగా పెట్టి, తర్కంలో తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని తేల్చే పద్ధతులను ఖురాన్ వాక్యాలతో వివరిస్తూ ఒక పుస్తకం రాశాడు. సీరాఫీ ఎగతాళి చేసిన తక్కెడే, పేరు మార్చుకుని దొడ్డిదారిన ఇంట్లోకొచ్చింది. ధర్మశాస్త్ర మూలసూత్రాల మీద రాసిన పుస్తకానికైతే తర్కాన్నే ముందుమాట చేసి, ఇది రానివాడి చదువును నమ్మలేమన్నాడు.

14వ శతాబ్దంలో మత పండితుడు ఇబ్న్ తైమియ్యా, తెలివైనవాడికి తర్కం అక్కర్లేదు, మందబుద్ధికి ఉపయోగపడదు అని తోసిపుచ్చాడు. నిజానికి అందరికంటే లోతుగా చదివి విమర్శించినవాడు ఆయనే. అయినా మదరసాలు వదల్లేదు. గ్రీకు తత్త్వవేత్త పోర్ఫిరీ పుస్తకం పేరు మీదనే 'ఈసాగూజీ' అని అబ్హరీ రాసిన తర్క ప్రవేశిక మన దేశపు మదరసాల పాఠ్యక్రమం దర్సె నిజామీలోనూ చేరింది.

ప్రశ్న అడిగినవారు:
ఇబ్న్ రుష్ద్ ఏమన్నాడు? వ్యాసంలో ఆయన పేరూ ఉంది.

హైదరాబాద్ నుంచి ఒకరు:
ఆయన అరిస్టాటిల్‌కి వ్యాఖ్యలు రాసిన తత్త్వవేత్త. తర్కం ఒక పనిముట్టు; బలిచ్చే కత్తి మన మతంవాడిదా కాదా అని చూడం, పనికొస్తే చాలు అన్నాడు. గజాలీ పుస్తకానికి జవాబు కూడా రాశాడు.

మరొకరు:
చిన్న చేర్పు. తర్కంలో 'జాతి'కి గ్రీకు మాట గెనోస్, అరబీలో జిన్స్. అదే ఉర్దూ మీదుగా మనకు జినుసు, దినుసు అయింది. కానూను కూడా గ్రీకుదే.

పద్యాల మాస్టారు:
వంటింట్లో అరిస్టాటిల్! సరే, జిందీఖ్‌ని వెనక్కి తెచ్చాను: "మంతిఖ్ పట్టినవాడు మతం విడిచినవాడే." పట్టు, విడుపు ఎదురెదురుగా పడ్డాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇది తీసుకుంటున్నాను మాస్టారూ. దాపరికం అర్థం రాలేదు కాబట్టి జిందీఖ్ గురించి కింద ఒక వాక్యం రాస్తాను.